మొండిదాని బొంత

ఆ ఇంట్లో అత్తగారు చూరులో గుచ్చిన దబ్బనం బయటికి తీసిందంటే చలికాలం వచ్చినట్టే లెక్క. అప్పటికి కోతలు అయిపోయి, గింజలు గాదెలకెక్కి, పొలంలో చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగలదు. మగవాళ్ళు పశువుల చుట్టూ, ఆడవాళ్ళు పాతబట్టల మూటల చుట్టూ తిరిగే రోజులవి. ఏడాది పొడుగునా చిరిగినవీ, పొట్టి అయినవీ, రంగు వెలిసినవీ అన్నీ నడవలో ఉన్న పెద్ద వెదురుబుట్టలో పడుతుంటాయి. చలి ముదిరేలోగా ఆ బుట్ట ఖాళీ అవ్వాలి. ఇంట్లో మనిషికొకటి, పాకలో గొడ్డుకొకటి బొంత తయారవ్వాలి.

మనుషుల బొంతకీ గొడ్డు బొంతకీ తేడా ఉంది. మనుషుల బొంతకైతే ప్రతి బట్టా కుట్లు విప్పి, మెడలూ చేతులూ విడదీసి, పలకలు పలకలుగా కత్తిరించి పరుస్తారు. ఎక్కడా ఎత్తుపల్లాలు ఉండకూడదు, పడుకున్నవాళ్ళకి మడత తగలకూడదు. గొడ్డు బొంతకి అంత ఓపిక ఎవరికుంది? పైనా కిందా గోనె, మధ్యలో ఏది దొరికితే అది. చొక్కా అయితే చొక్కా, పాత దుప్పటి అయితే దుప్పటి, ఉన్నదున్నట్టు పరిచేసి దబ్బనంతో పురికొస లాగెయ్యడమే. గుండీలు మాత్రం తెంపేస్తారు, గొడ్డు వీపు ఒరుసుకుపోతుందని. తెంపిన గుండీలు పారెయ్యరు. గూట్లో ఒక రేకు డబ్బా ఉంది, అందులో మూడు తరాల గుండీలున్నాయి.

అత్తగారికి కళ్ళు మసకబారి నాలుగేళ్ళయింది. అయినా బుట్ట పక్కన పీట ఆవిడదే. చేత్తో తడిమి ఇది నూలు, ఇది ఉన్ని, ఇది ఎందుకూ పనికిరాదు అని వేరు చేస్తుంది. పొరలు పరిచేది ఆవిడ, కుట్టేది చిన్నకోడలు. పెద్దకోడలికి సూది పడదు. "నేను కుడితే బొంతవదు, వలవుతుంది. చేపలు పట్టుకోవాలనుంటే చెప్పండి, వస్తా" అని తనే చెప్పుకుని వంటింట్లోకి జారుకుంటుంది.

చిన్నకోడలు మాట్లాడే మనిషి కాదు. ఆ ఇంటికొచ్చిన మొదటి ఏడాది, పాపం పిల్లకి నోరు రాదేమో అని ఇరుగుపొరుగు అనుకున్నారట. పద్దెనిమిదేళ్ళు గడిచినా పెద్ద తేడా ఏమీ లేదు. ఆమె మాట్లాడాల్సిన మాటలు కూడా ఆమె భర్తే మాట్లాడేసేవాడు. పిల్లలు లేరన్న మాట ఎవరైనా ఎత్తితే దానికి కూడా ఆయనే ఏదో నవ్వులాట జవాబు చెప్పేవాడు, ఈమె తల దించుకుని నవ్వుకునేది. వానాకాలం చివర్లో ఆయనకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఒక్కరోజు ఆసుపత్రిలో ఉన్నాడు, రెండో రోజు లేడు. ఆయన చెప్పులూ, తుండుగుడ్డా, సగం వాడిన మందు సీసా ఇంటికి తిరిగొచ్చాయి.

ఆయన పోయిన మర్నాడు పొద్దున ఇంట్లో తలెత్తిన మొదటి చిక్కు ఆవు. దాని పేరు మొండిది. పేరు పెట్టింది పెద్దకోడలు, పెట్టడానికి కారణం ఆమె మోచేతి మీద అది కొమ్ముతో గీసిన గీత. పుట్టగానే తల్లి చచ్చిపోతే ఆయన సీసాతో పాలు పట్టి పెంచిన దూడ అది. పెరిగి, ఈని, పాలిచ్చే ఆవైన తర్వాత కూడా ఆయన కూచుంటేనే చేపేది, పాలు దించేది. ఇంకెవరు చెయ్యి వేసినా పాలు పైకి ఎగబట్టేసి, పొదుగు పగిలేలా ఉన్నా ఒక్క చుక్క కిందికి వదిలేది కాదు. బావగారు, అంటే ఆయన అన్న, కాళ్ళకి బంధం వేసి ప్రయత్నించాడు. గిన్నె సొట్టపడింది. పెద్దకోడలు వెళ్ళి అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది.

"దానికి నేను నచ్చలేదు. నాకది ఎప్పుడూ నచ్చలేదు, సరికి సరి" అంది. అని, అంత విషాదంలో హాస్యమాడినందుకు తనకే సిగ్గేసి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మూడో రోజున చిన్నకోడలు పాక తలుపు వెనక మేకుకి వేలాడుతున్న ఆయన చొక్కా తీసింది. గోధుమరంగు గళ్ళ చొక్కా. ఆయన పాలు తీయడానికి వెళ్ళేటప్పుడు తప్ప వేసుకునేవాడు కాదు. మోచేతి దగ్గర చిరిగింది. ఒక గుండీ ఊడిపోతే ఆమె ఎప్పుడో పెద్ద నీలం కోటు గుండీ ఎర్రదారంతో కుట్టింది, ఆ రోజు చేతికి దొరికిన దారం అదే. "ఇదొక్కటే ఆఫీసరు, మిగతావన్నీ బంట్రోతులు" అని ఆయన ఆ గుండీ పెట్టుకుంటూ రోజూ నవ్వేవాడు. ఆమె ఆ చొక్కా తన బట్టల మీదనే తొడుక్కుని, చేతులు రెండు మడతలు పెట్టి, వెళ్ళి ఆవు పక్కన కూచుంది. మొండిది మెడ తిప్పి ఆమె భుజం మీద ముట్టె ఆనించి చాలాసేపు వాసన చూసింది. తర్వాత చేపింది.

అప్పట్నించీ రోజుకి రెండుసార్లు ఆ చొక్కా వేసుకుని వెళ్ళేది. "దొరగారు డ్యూటీకి బయల్దేరారా?" అని పెద్దకోడలు వంటింటి కిటికీలోంచి అడిగేది. ఆమె వెళ్ళి ఆవు డొక్కకి తల ఆనించి పాలు పితికేది. చొక్కాకి ఆయన పొగాకు వాసనా, చెమట వాసనా ఉండేవి. అవి పోతాయని ఆమె దాన్ని ఉతకలేదు. రోజంతా ఆమె ఏ పని చేస్తున్నా కళ్ళు వాటంతటవే కారుతుండేవి. ఆ రెండు అరగంటలూ మాత్రం కారేవి కావు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్తే అదీ పోతుందేమోనని భయం.

మొండిది మళ్ళీ చూలుతో ఉంది. నెలలు దగ్గరపడేసరికి పాలు తియ్యడం ఆపేశారు. ఇక పాకలో ఎందుకని ఆమె చొక్కాని ఇంట్లోకి తెచ్చి నడవలో కొయ్యకి తగిలించింది. వస్తూ పోతూ కనిపిస్తుందని అక్కడ పెట్టింది. ఆ కొయ్య కిందే వెదురుబుట్ట ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ నడవలో తిరుగుతున్న మనిషికి అది తట్టలేదు.

అత్తగారు దబ్బనం తీసిన వారానికి ముందు గొడ్డు బొంతలు మొదలుపెట్టారు. పాకలో నాలుగు తలలున్నాయి, మొదటి బొంత ఈనబోయేదానికి. ఆ మధ్యాహ్నం చిన్నకోడలు కుడితి పెట్టి వచ్చేసరికి అత్తగారు పొరలు పరిచేసి, పైన గోనె కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి సిద్ధంగా ఉంచింది. చిన్నకోడలు కూచుని కుట్టింది. సాయంత్రానికల్లా అయిపోయింది. బాగా కుట్టింది, జానెడుకి నాలుగు వరసలు వచ్చేలా దగ్గర దగ్గరగా వేసింది. మొండిదానికి ఒళ్ళు తిప్పుకుంటూ గోడకి రాసుకునే అలవాటుంది, లూజుగా కుడితే పదిరోజులుండదు.

ఆ తర్వాత గడ్డి సంగతి బయటపడింది. అంతకుముందు అకాలంలో ఒక వాన పడింది, అది గడ్డివాము పైపైన తడిపి పోయిందనే అనుకున్నారు. బావగారు ఒకరోజు వాములోకి కర్ర దూర్చి చూస్తే లోపల నడుముదాకా నల్లబడి, ముట్టుకుంటే వేడిగా, బూజుకంపు. నాలుగు తలలకి చలికాలమంతా సరిపోవాల్సిన గడ్డి ఒక్క నెలకి కూడా రాదు. బావగారు రెండు రోజులు ఊళ్ళో గడ్డి కోసం తిరిగి చూశాడు. మూడో రోజు వాగు అవతలికి వెళ్ళొచ్చాడు. అక్కడ ఒకాయన ఉన్నాడు, ఏ కాలంలో చూసినా దొడ్లో నాలుగు వాములకి తక్కువ ఉండవని వాములాయన అంటారు. ఈనబోయే ఆవుకి రెండు బళ్ళ గడ్డి ఇస్తానన్నాడట.

బావగారు గుమ్మంలో నిలబడి, ఎటో చూస్తూ చెప్పాడు. "అమ్మాయ్, మొండిదాన్ని ఇచ్చేస్తున్నా. మిగతా మూడూ బతకాలంటే..."

"అలాగే బావగారూ" అంది చిన్నకోడలు.

ఇంకేమనగలదు? గడ్డి ఎంత ఉందో ఆమెకీ తెలుసు. తమ్ముడు ఉంటే ఇవ్వనిచ్చేవాడు కాదు అని బావగారు కూడా అనుకున్నట్టే ఉన్నాడు. తోలుకెళ్ళే పొద్దున చెట్లు కనపడనంత మంచు. వాములాయన పంపిన మనిషి బొంత తియ్యబోతే బావగారు వద్దన్నాడు. "ఈనబోయే గొడ్డు. అలాగే పోనీ. మళ్ళీ ఒకటి కుట్టుకోలేమా ఏంటి." మంచికే అన్నాడు. చిన్నకోడలికి కూడా ఆ మాట బావుందనిపించింది. తన చేత్తో కుట్టింది దానివెంట పోతోందని కాస్త ఊరట. ఆవు వీధి మలుపు తిరిగేదాకా ఆ గోనె మీద తన కుట్ల వరసలు కనపడుతూనే ఉన్నాయి.

నాలుగు రోజుల తర్వాత బావగారి కోటుకి గుండీ ఊడింది. చిన్నకోడలు గూట్లోంచి రేకు డబ్బా తీసి చాప మీద కుమ్మరించింది. అన్నిటికంటే పైన నీలం గుండీ పడింది. కన్నాల్లో ఎర్రదారం ఇంకా అలాగే ఉంది.

ఆమె లేచి నడవలోకి వెళ్ళింది. ఇన్నాళ్ళూ కొయ్యకి వేలాడుతున్న బావగారి కంబళి ఎత్తి చూసింది. దాని కింద చొక్కా లేదు. బుట్ట ఖాళీ. ఇంట్లో ఉన్న బొంతలన్నీ దులిపింది, పాకలో మూడు బొంతలూ వీపుల మీదే తడిమింది. తిరిగొచ్చి అత్తగారి ముందు నిలబడింది.

"అత్తయ్యా, ఈ గుండీ ఎక్కడిది?"

అత్తగారు వేళ్ళతో తడిమింది. "కోటు గుండీలా ఉంది. ఆ మొండిదాని బొంతలో వేసిన చొక్కాది. బుట్టలో పైనే ఉంది. కోటు గుండీ పెట్టి చొక్కా ఎవరు కుట్టారా అనుకున్నా. మోచెయ్యి చిరిగింది, కంపు కొడుతోంది. మనుషులకి పనికిరాదని దానికేశా. ఏం?"

చిన్నకోడలు మాట్లాడలేదు.

"ఏమే? ఎవరిదది?"

ఆమె మాట్లాడకపోవడం రోజూ ఉండేదే. కానీ ఈ మాట్లాడకపోవడం వేరని ముసలావిడకి తెలిసింది. చేతిలో గుండీ అటూ ఇటూ తిప్పింది, దారం ముడి గోటితో గీకింది. తర్వాత చాలా మెల్లిగా, "వాడిదా?" అంది.

"ఊఁ."

"గుడ్డిముండని" అంది అత్తగారు. "కళ్ళు లేవు సరే. చేతులకేమైంది? వాణ్ణి కని, పెంచి, వాడి బట్ట నా చేతికి తగిలితే నా చేతికి తెలీలేదా?" రెండు చేతులూ ఒళ్ళో పడేసుకుని వాటివైపు చూస్తున్నట్టు తల వంచుకుంది. వాటిని మళ్ళీ ఆ పూట దేనికీ ఎత్తలేదు, అన్నం కూడా పెద్దకోడలే కలిపి పెట్టింది. చిన్నకోడలికి కోపం తెచ్చుకునే దారి కూడా లేకుండా పోయింది. ఎవరి మీద తెచ్చుకోవాలి? పరిచింది ఆవిడ, కుట్టింది తను. జానెడుకి నాలుగు వరసలు.

మర్నాడు చిన్నకోడలు తన పెట్టెలోంచి మంచి దుప్పటి ఒకటి తీసి గోనెల మధ్య పరిచింది. పెద్దకోడలు వచ్చి చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇదేంటే, గొడ్డుకి కొత్త దుప్పటా? రేపట్నించి దానికి తలగడ కూడా పెడతావా?"

"ఇది ఇచ్చి అది తెచ్చుకుంటానక్కా."

"అంత దూరం పోయి? ఒక పాత చొక్కా కోసం..." అని మొదలుపెట్టి పెద్దకోడలు ఆగింది. వెళ్ళి పొయ్యి మీద గిన్నె దించి వచ్చి, బొంతకి అవతలి అంచున కూలబడింది. "ఇంకో దబ్బనం ఉందా? వల అల్లుతా." నిజంగానే వలలాగే కుట్టింది. ఆ వరస మీద చిన్నకోడలు మళ్ళీ కుట్టుకోవాల్సి వచ్చింది, కానీ విప్పలేదు.

"మీ బావతో చెప్తే తెచ్చిపెడతాడు కదే" అంది పెద్దకోడలు.

"వద్దక్కా. ఏమని అడుగుతారు ఆయన మాత్రం."

బొంత పూర్తయ్యేసరికి అయిదు రోజులు పట్టింది, మధ్యలో ఇంటి పనులు ఆగవు కదా. ఆరో రోజు పొద్దున్నే బొంత చుట్టి భుజాన వేసుకుని బయల్దేరింది. వాగు దాటి రెండు గంటల నడక. గట్ల మీద గడ్డి మంచుకి తెల్లబడి కాలికింద కరకరమంటోంది. దారిపొడుగునా ఆమె ఒక్కటే మాట కూడబలుక్కుంటూ నడిచింది. పాత బొంత తొందరలో కుట్టాను, బాగా రాలేదు, అందుకని కొత్తది తెచ్చాను. పాత బొంత తొందరలో కుట్టాను.

వాములాయన ఇల్లు దూరం నించే తెలిసింది, నాలుగు వాములు. దొడ్లో ఒక గిన్నె బోర్లా పడి ఉంది, పక్కన నేల తడిసి ఉంది. గుంజకి మొండిది కట్టేసి ఉంది, వీపు మీద బొంత ఉంది. దూరంగా ఎండుగడ్డి మీద ఒక దూడ పడుకుని ఉంది. వారం దాటని పిల్ల, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వాములాయన భార్య, పాతికేళ్ళ మనిషి, గట్టు మీద కూచుని మోకాలి కింద వాపుకి కాపడం పెట్టుకుంటోంది.

వాములాయన ఎదురొచ్చాడు. "మీ బావగారు మంచి బేరమే చేశాడమ్మా. మా గడ్డి మీ గొడ్లు తింటున్నాయి, మీ గొడ్డు తన్నులు మేం తింటున్నాం."

"ఊరుకోండి" అంది భార్య. "ఆమేం చేస్తుంది. రా అక్కా, కూచో."

ఈని ఆరు రోజులైందనీ, దూడ మూతి పెడితే కూడా తంతోందనీ, తాళ్ళు కట్టి నాలుగు చుక్కలు తీసి సీసాతో పడుతున్నారనీ ఆ అమ్మాయి చెప్పుకొచ్చింది. పొదుగు రాయిలా అయిపోయిందట. పశువుల డాక్టరు నిన్న వచ్చి, ఇవాళో రేపో పాలు దిగకపోతే పొదుగు చెడిపోతుందని చెప్పి వెళ్ళాడట.

"చెడితే దూడా దక్కదు, ఆవూ దక్కదు" అన్నాడు వాములాయన. "వెనక్కి తోలుకుపొమ్మంటే మీకు తిరిగివ్వడానికి గడ్డి ఉందా?"

లేదు. ఒక బండి అప్పటికే సగం అయిపోయింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

దారంతా కూడబలుక్కున్న మాట అప్పుడు చెప్పింది. వాములాయన భార్య కొత్త బొంత విప్పి చూసి, లోపల మెత్తదనం నొక్కి చూసి, "గొడ్డుకి ఇంత మంచిదా అక్కా, నేనే కప్పుకుంటా" అని నవ్వింది. ఇద్దరూ కలిసి పాతది తీసి కొత్తది కట్టారు. పాత బొంత చుట్టి చంకలో పెట్టుకునేటప్పుడు చిన్నకోడలి వేళ్ళకి గోనె అడుగున గట్టిగా ఒక అంచు తగిలింది. మెడపట్టీ. వేళ్ళు అక్కడే ఉంచి, "వస్తానమ్మా" అంది.

గేటు దాకా వచ్చింది. వెనక మొండిది అరిచింది. తిరిగి చూస్తే, పలుపు మెడకి కోసుకుపోయేంత దూరం లాక్కుని, ముట్టె ఇటే చాపి గాల్లో వాసన చూస్తోంది. ఆమె వైపు కాదని ఆమెకి తెలుసు. ఆమె చంకలో ఉన్నదాని వైపు.

"అక్కా" అంది వాములాయన భార్య కుంటుకుంటూ వెనకాలే వచ్చి. "మీ ఇంట్లో దీని దగ్గర ఎవరు కూచునేవారు?"

"మా ఆయన."

"ఆయన పోయాడని విన్నా. తర్వాతో?"

ఎవరూ లేరు అంటే సరిపోయేది. మామూలుగా అయితే ఏ మాటా రాని నోరే కదా ఆమెది. మాట్లాడకుండా గేటు తీసుకుని వెళ్ళిపోయినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. రెండు గంటలు నడిస్తే ఇల్లు. నడవలో కొయ్య ఉంది. చొక్కా దానికి తగిలించుకోవచ్చు, ఈసారి బుట్ట పక్కకి జరపొచ్చు. చంకలో బొంతని ఇంకాస్త నొక్కిపట్టుకుంది. దూడ లేవబోయి, ముందుకాళ్ళ మీద ఆగి, మళ్ళీ పడిపోయింది.

"ఏదైనా కిటుకుంటే చెప్పక్కా. నీ చెల్లెలనుకో."

"కత్తెర ఉందా?" అంది చిన్నకోడలు.

గట్టు మీద కూచుని బొంత విప్పడం మొదలుపెట్టింది. తను వేసిన కుట్లు తనకే లొంగలేదు. ఒక్కొక్క పురికొసా కత్తిరించి, పళ్ళతో లాగి, మళ్ళీ కత్తిరించి, మూర మేర తెరిచేసరికి పొద్దు బాగా పైకెక్కింది. వాములాయన రెండుసార్లు వచ్చి చూసి, ఏం చేస్తున్నారని అడగబోయి, భార్య కళ్ళెర్రజేస్తే వెళ్ళిపోయాడు. చొక్కా అట్టలా అణిగిపోయి బయటికొచ్చింది. ఒళ్ళంతా వరసలు వరసలుగా దబ్బనం పొడిచిన కన్నాలు. ఆమె దాన్ని ముఖానికి ఆనించుకుంది. గోనె వాసన, ఆవు వాసన, తడి వాసన. మెడపట్టీ లోపల వెతికింది, చంకల దగ్గర వెతికింది. ఒకసారి ఉన్నట్టే అనిపించింది, ఇంకోసారి చూస్తే లేదు.

తొడుక్కుంది. గుండీలు లేవు, ముందుభాగం ఒక చేత్తో పట్టుకుని వెళ్ళి మొండిది పక్కన కూచుంది. అది మెడ తిప్పి భుజం మీద ముట్టె పెట్టింది. వేడి ఊపిరి మెడ మీద తగిలింది. చాలాసేపు అలాగే ఉంది, ఇక లేదులే అనుకునేంతసేపు. తర్వాత చర్మం ఒకసారి జలదరించింది. గిన్నెలో మొదటి ధార పడిన చప్పుడుకి వాములాయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మూడు చన్నుల్లోంచి వచ్చాయి. నాలుగోది గట్టిపడి ఉంటే వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టి, మెల్లిగా నిమిరి, ముద్దలు ముద్దలుగా దించారు. దూడని ఎత్తి తెచ్చి మూతి అందించారు. తన్నలేదు. వాములాయన వచ్చి గుంజ పట్టుకుని నిలబడి, "ఇదేం గొడ్డమ్మా" అని మాత్రం అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. వాములాయన భార్య ఆమెవైపు చూస్తోంది. అడగడానికి మొహమాటపడుతోంది, అయినా అడిగింది.

"సాయంత్రం మళ్ళీ తియ్యాలి కదక్కా."

సాయంత్రం తియ్యాలి. రేపు పొద్దున తియ్యాలి, రేపు సాయంత్రం తియ్యాలి. కత్తెర అడిగినప్పుడే ఇది ఆమెకి తెలుసు. తెలియనట్టు కుట్లు విప్పింది, తెలియనట్టు పాలు తీసింది. ఇక తెలియనట్టు ఉండడానికి ఏమీ మిగల్లేదు.

చొక్కా విప్పి ఆ అమ్మాయి భుజాల మీద వేసింది. చేతులు దూర్చుకోమంది. చిన్నమనిషి, చేతులు వేళ్ళని దాటి వేలాడాయి. చిన్నకోడలు ఒక చేతిని పట్టుకుని ఒక మడత పెట్టింది, ఇంకో మడత పెట్టింది. రెండో చెయ్యి కూడా అలాగే మడిచింది. మడిచిన చోట ఒకసారి నొక్కింది.

"ముందు కాస్త వాసన చూడనివ్వు. తొందరపడకు" అంది. మెడపట్టీ సరిచేసి, "ఉతకొద్దమ్మా" అంది.

"సరే అక్కా. పాలు మానేశాక తెచ్చిచ్చేస్తాను. ఒట్టు."

పాలు మానేసేసరికి పది నెలలు. అప్పటికి దానిలో ఈ ఇంటి పొగ ఉంటుంది, ఈ అమ్మాయి చెమట ఉంటుంది. "అలాగే" అంది చిన్నకోడలు.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పెద్దకోడలు పాకలో ఉన్నట్టుంది, ఏదో గొడ్డుని తిడుతోంది. అత్తగారు గుమ్మంలోనే పీట వేసుకుని కూచుని ఉంది. పొద్దున్నించీ అక్కడే ఉన్నట్టు కాళ్ళమీద దుమ్ము పేరుకుంది. అడుగుల చప్పుడు పోల్చుకుంది.

"దొరికిందా?"

"దొరికింది అత్తయ్యా."

ముసలావిడ రెండు చేతులూ చాపింది. చిన్నకోడలు ఆ చేతుల్లో ఏం పెట్టాలో తెలియక, ఉన్నదొక్కటే గనక, బొంత పెట్టింది. అత్తగారు దాన్ని ఒళ్ళోకి తీసుకుని ఈ చివర్నించి ఆ చివరిదాకా తడమడం మొదలుపెట్టింది. గోనె, పురికొస, గోనె. తెరిచిన చోటు దొరికింది. అక్కడ చెయ్యి లోపలికి పెట్టింది, మణికట్టుదాకా, తర్వాత మోచేతిదాకా.

చిన్నకోడలు ఎదురుగా నిలబడింది.  ఆ చెయ్యి పట్టుకుని ఆపుదామనుకుంది, చేతకాలేదు. పొరల మధ్య ఆ చెయ్యి ఇంకా వెతుకుతూనే ఉంది.